లక్ష కిలోమీటర్లు దాటిన పెట్రోల్ మోటర్‌హోమ్: ఇంజిన్ మొండికేయకముందే చేయాల్సిన పనులు



ముందు ఒక సీన్ చెప్తాను. 2023 జూన్. అమెరికాలో న్యూమెక్సికో రాష్ట్రం. అల్బుకర్కీ ఊరు దాటి ఐ-40 హైవే మీద పడమర వైపు వెళ్తుంటే ఒక పొడవైన ఎత్తు వస్తుంది, దాని పేరు నైన్ మైల్ హిల్. మధ్యాహ్నం రెండు గంటలు. బయట ఎండ 36 డిగ్రీలు. స్టీరింగ్ నా చేతిలో ఉంది. వెనక అమ్మ, అక్క, బావగారు, ఇద్దరు పిల్లలు. పక్క సీట్లో నాన్న. సగం ఎత్తు ఎక్కామో లేదో, టప్‌మని ఒక చప్పుడు. అద్దం ముందంతా తెల్లటి ఆవిరి, క్యాబిన్‌లో ఏదో తియ్యటి వాసన. నేను ఇంకా "ఏంటిది?" అనుకునే లోపే నాన్న అరిచారు: "పక్కకి తియ్! ఇంజిన్ ఆపేయ్! ఇప్పుడే!"

ఆపాను. ఆ ఒక్క అరుపు వల్ల మా ఇంజిన్ బతికింది. కానీ ఆ అరుపు దాకా రావడానికి కారణం మాత్రం నేనే. ఈ ఎపిసోడ్ ఆ తప్పు గురించే.

కామెంట్లలో చాలా మంది అడుగుతున్నారు: "అన్నా, డాలస్‌లో ఉన్నాం, పాత మోటర్‌హోమ్ కొందాం అనుకుంటున్నాం, ఇంజిన్ విషయంలో ఏం చూసుకోవాలి?" అని. ఇండియాలో ఉన్నవాళ్ళు "మాకెందుకన్నా ఇది?" అని స్కిప్ చేయకండి. మీ ఇంట్లో పాత పెట్రోల్ కారు ఉంటే ఇందులో సగం మీకోసమే. చివర్లో చెప్తాను.

మా బండి కథ

మోటర్‌హోమ్ అంటే తెలుసుగా? బండి మీదే ఇల్లు. మంచాలు, వంటగట్టు, బాత్రూమ్, పైకప్పు మీద ఏసీ. మాది 2006 మోడల్. ముందు భాగం ఫోర్డ్ ఇ-450 వ్యాన్, వెనక ఇల్లు కట్టారు. ఇంజిన్ 6.8 లీటర్ల ట్రైటాన్ వీ10, పెట్రోల్. పది సిలిండర్లు, 305 హార్స్ పవర్. అమెరికా రోడ్ల మీద ఆ కాలపు మోటర్‌హోమ్‌లలో చాలా వాటికి ఈ ఇంజినే ఉంటుంది. గట్టి ఇంజిన్ అని దీనికి మంచి పేరు.

అప్పుడు నేను డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నా. నేనూ మా బావగారూ కలిసి ఆ సంవత్సరం మార్చిలో ఒక పెద్దాయన దగ్గర కొన్నాం. మీటర్ మీద 84,000 మైళ్ళు, అంటే సుమారు లక్షా 35 వేల కిలోమీటర్లు. పదిహేడేళ్ళ బండికి అది ఎక్కువేం కాదు. 2020 నుంచి మూడేళ్ళు షెడ్డులోనే ఉందని ఆ పెద్దాయన చెప్పారు. నేనేమో ఎగిరి గంతేశా. "బావా, బండి అసలు వాడనే లేదు!" అన్నాను. అదే నా మొదటి తప్పు.

మేలో అమ్మానాన్న వచ్చారు. నాన్న ఆర్టీసీ గ్యారేజీలో ముప్పై ఏళ్ళు మెకానిక్‌గా చేసి రిటైర్ అయ్యారు. బండి చూపించగానే అందరూ లోపలికెళ్ళి మంచాలు చూశారు. నాన్న బానెట్ ఎత్తించారు. రేడియేటర్ పైన ఉండే లావు రబ్బరు పైపుని క్లాంప్ దగ్గర రెండు వేళ్ళతో నొక్కారు. "ఒరేయ్, ఇది మెత్తబడిపోయింది. మార్చెయ్" అన్నారు.

నేను బీటెక్ చదివినవాణ్ణి కదా. చూస్తే పైపు పైకి నల్లగా, నున్నగా ఉంది. పగుళ్ళు లేవు, కారడం లేదు. "నాన్నా, ఆయిల్ మార్పించా. మైళ్ళు కూడా తక్కువే. ఏం కాదు" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఆ నెలంతా నేను ఏం చేశానో తెలుసా? లోపల కొత్త టీవీ బిగించా.

ఆ పైపు ఖరీదు 30 డాలర్లు. సరిగ్గా నాన్న నొక్కిన చోటే చీలింది.

ఇక్కడితో అయిపోలేదు. ఇంజిన్ ఆగితే ముందున్న ఏసీ ఆగిపోతుంది. కానీ మోటర్‌హోమ్‌లో విడిగా ఒక పెట్రోల్ జనరేటర్ ఉంటుంది, దాంతో పైకప్పు ఏసీ నడుస్తుంది. స్విచ్ నొక్కా. గిర్రున తిరిగింది, ఆగిపోయింది. మళ్ళీ నొక్కా, మళ్ళీ అంతే. మూడేళ్ళ పాత పెట్రోల్ కార్బ్యురేటర్‌లో జిగురులా గడ్డకట్టి ఉంది. కొన్నాక ఒక్కసారి కూడా నేను దాన్ని నడిపి చూడలేదు. మధ్యాహ్నం ఎండలో ఆ డబ్బాలో అరగంటకే అమ్మకి కళ్ళు తిరిగాయి. అమ్మకి బీపీ ఉంది. అక్క తడిగుడ్డతో తుడుస్తోంది, పిల్లలు ఏడుస్తున్నారు. వెనక వస్తున్న ఇంకో మోటర్‌హోమ్ ఆగింది. అందులోంచి ఒక ముసలి జంట దిగి, అమ్మనీ పిల్లల్నీ వాళ్ళ బండిలో ఏసీ కింద కూర్చోబెట్టుకున్నారు. పెద్ద టోయింగ్ లారీ రావడానికి మూడు గంటలు పట్టింది. ఆ మూడు గంటలూ వాళ్ళు అక్కడే ఉన్నారు.

టోయింగ్, రిపేర్, రెండు రాత్రుల హోటల్, పోయిన బుకింగ్‌లు, అన్నీ కలిపి 1,600 డాలర్లు దాటింది. గ్రాండ్ కేన్యన్ ఇంకో 400 మైళ్ళు ఉంది. బండి రెడీ అయ్యేసరికి సెలవులు అయిపోయాయి. వెనక్కి తిరిగాం. అమ్మ అది చూడకుండానే ఇండియా వెళ్ళిపోయింది.

ఒక్కసారి ఆలోచించండి. పైపు, జనరేటర్, రెండూ ఎక్కువ తిరగడం వల్ల పాడవ్వలేదు. ఊరికే ఉండటం వల్ల పాడయ్యాయి. ఈ రోజు చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే: పాత మోటర్‌హోమ్‌కి మైలేజీ మీటర్ చూసి కాదు, క్యాలెండర్ చూసి మెయింటెనెన్స్ చేయాలి.

ఈ ఇంజిన్ మీద బరువు ఎంత?

కారులో ఇంజిన్ చాలాసేపు ఖాళీగానే ఉంటుంది. హైవే మీద దాని శక్తిలో కొంచెమే వాడుతుంది. ఇ-450 మోటర్‌హోమ్ నిండా సామానుతో 14,500 పౌండ్ల దాకా ఉండొచ్చు. అంటే ఆరున్నర టన్నులు. ముందు భాగమేమో గోడలా నిటారుగా ఉంటుంది, గాలిని తోసుకుంటూ పోవాలి. మాకు గ్యాలన్‌కి 8 మైళ్ళు వస్తే పండగ, అంటే లీటర్‌కి మూడున్నర కిలోమీటర్లు కూడా రాదు. ఎత్తు ఎక్కేటప్పుడు గేర్ తగ్గి 4,000 ఆర్‌పీఎమ్ మీద అరుస్తుంది. కొత్తవాళ్ళు భయపడతారు. కానీ అది ఈ ఇంజిన్‌కి మామూలే.

అంటే ఈ ఇంజిన్ జీవితం రెండు రకాలు. నెలల తరబడి నిద్ర, తర్వాత ఒక్కసారిగా కొండ. మనలో కోడింగ్ చేసేవాళ్ళకి అర్థమవుతుంది: టెస్టింగ్‌లో యూజర్లు ఎవరూ లేరు, నేరుగా ప్రొడక్షన్‌లో ఫుల్ లోడ్. నిద్రలో మొదలైన బలహీనత కొండ మీద బయటపడుతుంది.

ఆ తర్వాత నాలుగు వీకెండ్‌లు నేనూ బావగారూ స్టోరేజ్ యార్డులో కూర్చుని పని చేశాం. ఇండియా నుంచి నాన్న వీడియో కాల్‌లో. ఒక్కొక్కటీ చెప్తాను.

ఒకటి: రబ్బరు

నాన్న పైపుని ఎందుకు నొక్కారో నాకు తర్వాత తెలిసింది. కూలంట్ పైపులు బయటి నుంచి కాదు, లోపలి నుంచి పాడవుతాయి. కూలంట్, ఇనుము, అల్యూమినియం, ఇవన్నీ కలిసిన చోట ఒక చిన్న బ్యాటరీలా విద్యుత్ రసాయన చర్య జరుగుతుంది. దాంతో రబ్బరు లోపల, ముఖ్యంగా క్లాంప్‌లకి దగ్గర్లో, సన్నటి చీలికలు వస్తాయి. బయటికి ఏమీ కనిపించదు. అందుకే కంటితో కాదు, చేత్తో చూడాలి. ఇంజిన్ పూర్తిగా చల్లగా ఉన్నప్పుడు పైపు మధ్యలో ఒకసారి, చివర్లో ఒకసారి నొక్కండి. చివర మెత్తగా, లోపల గాడి పడినట్టు తగిలితే దాని పని అయిపోయినట్టే.

మా లెక్క: పదేళ్ళు దాటిన రబ్బరు పైపు ఏదైనా సరే, మైళ్ళతో పని లేకుండా మార్చేయడం. రేడియేటర్ పై పైపు, కింది పైపు, హీటర్ పైపులు, క్లాంప్‌లు, అన్నీ.

బెల్టు సంగతి. ఈ ఇంజిన్‌లో ఒకే పొడవాటి బెల్టు ఆల్టర్నేటర్, వాటర్ పంపు, పవర్ స్టీరింగ్, ఏసీ, అన్నిటినీ తిప్పుతుంది. అది తెగితే అన్నీ ఒకేసారి పోతాయి. పాతకాలం బెల్టులు అరిగితే పగుళ్ళు కనిపించేవి. ఇప్పటి ఈపీడీఎమ్ రబ్బరు బెల్టులు పగలవు, లోపలి గాడులు టైరులా అరుగుతాయి. "పగుళ్ళు లేవు కాబట్టి బాగుంది" అనుకోకండి. బెల్టుతో పాటు దాన్ని బిగించి ఉంచే టెన్షనర్ చక్రాన్ని కూడా చేత్తో తిప్పి చూడండి. గరగరమంటే అదీ మార్చాలి. తీసిన పాత బెల్టు ఇంకా పనికొచ్చేలా ఉంటే బండిలోనే పెట్టుకోండి. అడవిలో అదే దేవుడు.

ఇంకోటి, ఎవరూ చూడనిది. ఇంజిన్ వెనక వైపు పీసీవీ పైపులు, వాక్యూమ్ పైపుల దగ్గర చిన్న చిన్న రబ్బరు వంపులు ఉంటాయి. వేడికి అవి ఎండి చీలుతాయి. అక్కడ దొంగగాలి లోపలికి పోతుంది, ఐడిలింగ్ ఎగుడుదిగుడుగా ఉంటుంది, చెక్ ఇంజిన్ లైట్ వస్తుంది. మెకానిక్‌లు కొందరు నేరుగా సెన్సర్ మార్చమంటారు. ముందు ఆ రబ్బరు ముక్క చూడమనండి. కొన్ని డాలర్లతో పోయేది.

రెండు: కూలంట్

కూలంట్ అంటే గడ్డకట్టకుండా ఉండే రంగునీళ్ళు అనుకునేవాణ్ణి. అసలు సంగతి ఏంటంటే, సగం కూలంట్ సగం నీళ్ళు కలిపిన మిశ్రమం మామూలుగా సుమారు 106 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. మూత గట్టిగా ఉండి లోపల 15 పీఎస్‌ఐ పీడనం ఉంటే 129 దాకా మరగదు. అంటే మూత కూడా ఒక పార్టే. మూతలోని రబ్బరు పోతే పీడనం నిలవదు, కొండ మీద త్వరగా మరుగుతుంది. కొత్త మూత చాలా చవక. ఆలోచించకుండా మార్చేయండి.

కూలంట్‌లో తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు ఉంటాయి. బండి తిరిగినా తిరగకపోయినా అవి కాలంతో ఖర్చయిపోతాయి. మేము మూడేళ్ళకోసారి మొత్తం తీసేసి కొత్తది పోస్తున్నాం. కలపడానికి డిస్టిల్డ్ వాటరే. కుళాయి నీళ్ళలో లవణాలు రేడియేటర్ సన్నటి గొట్టాల్లో పొరలా పేరుకుంటాయి. రంగు చూసి కొనకండి, ఒకే రంగులో వేర్వేరు రకాలు దొరుకుతాయి. మాన్యువల్‌లో ఏ స్పెసిఫికేషన్ రాసి ఉందో డబ్బా మీద అదే ఉండాలి.

ఇంకో మాట. ఆ రోజు ఆవిరి వస్తుంటే నేను కూలంట్ మూత తిప్పబోయా. నాన్న నా చెయ్యి పట్టి లాగేశారు. 110 డిగ్రీలున్న కూలంట్ మూత తియ్యగానే మొహం మీదకి ఎగజిమ్ముతుంది. ఇంజిన్ పూర్తిగా చల్లారేదాకా మూత ముట్టుకోవద్దు. ఇది జోక్ కాదు.

ఫ్యాన్ గురించి కూడా. ఈ బండ్లలో పెద్ద ఫ్యాన్‌కి ఒక క్లచ్ ఉంటుంది. రేడియేటర్ వేడెక్కితే క్లచ్ పట్టుకుంటుంది, విమానంలా హోరు వస్తుంది. ఆ హోరు వస్తే సంతోషించండి. ఎండలో కొండ ఎక్కుతుంటే కూడా అసలు హోరు రాకపోతే అప్పుడు అనుమానించాలి.

మూడు: ఇంజిన్ ఆయిల్

మా బండికి సుమారు 5.7 లీటర్ల ఆయిల్ పడుతుంది. మాన్యువల్ చెప్పేది 5డబ్ల్యూ-20. మా నియమం: 5,000 మైళ్ళు లేదా ఒక సంవత్సరం, ఏది ముందొస్తే అది. సంవత్సరంలో 1,500 మైళ్ళే తిరిగినా మార్చడమే. ఎందుకంటే వాడిన ఆయిల్‌లో తేమ, ఆమ్లాలు ఉంటాయి. చలికాలం బండి పక్కన పెట్టేటప్పుడు, "మళ్ళీ తీసేటప్పుడు మార్పిద్దాంలే" అనుకుంటాం. రివర్స్. పెట్టే ముందే మార్చాలి. నెలల తరబడి బేరింగులు ఆ మురికి ఆయిల్‌లో నానకూడదు.

చాలా మంది చేసే ఇంకో తప్పు: నెలకోసారి ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేయడం. మంచి పని చేశామనుకుంటాం. పెట్రోల్ కాలితే నీటి ఆవిరి కూడా పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కితేనే ఆ తేమ బయటికి పోతుంది. ఐదు నిమిషాలకి ఆపేస్తే లోపలే నీళ్ళుగా మిగిలిపోతుంది. స్టార్ట్ చేస్తే రోడ్డు మీదకి తీసుకెళ్ళి అరగంట నడపండి. లేదంటే ముట్టుకోకండి.

నాకు బాగా నచ్చింది ఆయిల్ టెస్ట్. ఆయిల్ మార్చేటప్పుడు ఒక చిన్న సీసాలో పట్టి ల్యాబ్‌కి పోస్ట్ చేస్తే, సుమారు 40 డాలర్లకి రిపోర్ట్ వస్తుంది. మన బ్లడ్ టెస్ట్ లాంటిదే. సిలికాన్ ఎక్కువుంటే ఎయిర్ ఫిల్టర్ దాటి దుమ్ము పోతోందని అనుమానం. సోడియం, పొటాషియం కలిసి పెరిగితే కూలంట్ లోపల కారుతోందేమో చూడాలి. సీసం, రాగి పెరుగుతుంటే బేరింగులు అరుగుతున్నాయేమో చూడాలి. ఒక్క రిపోర్ట్‌తో కంగారు పడకండి. మూడు నాలుగు రిపోర్ట్‌లు పక్కపక్కన పెట్టి, అంకె ఎటు పోతోందో చూడాలి. ఓవర్‌హీట్ అయ్యాక మేం భయపడింది హెడ్ గాస్కెట్ గురించే. తర్వాత వచ్చిన రెండు రిపోర్ట్‌ల్లోనూ కూలంట్ జాడ లేదని చూశాకే నాకు నిద్ర పట్టింది.

నాలుగు: స్పార్క్ ప్లగ్‌లు

పది ప్లగ్‌లు, ప్రతిదాని నెత్తిన ఒక కాయిల్. లక్ష మైళ్ళ దాకా ఆగొచ్చని రాసి ఉంటుంది. మా బండికి మైళ్ళు పూర్తవ్వకపోయినా పదిహేడేళ్ళుగా అవే ప్లగ్‌లు. అల్యూమినియం హెడ్‌లో ఇనుప ప్లగ్ ఏళ్ళ తరబడి కదలకుండా ఉంటే పట్టేసుకుంటుంది.

ఈ ఇంజిన్‌కి ఒక పాత మచ్చ ఉంది. రెండు వాల్వ్‌ల ట్రైటాన్ ఇంజిన్లలో, ముఖ్యంగా మొదటి సంవత్సరాల హెడ్‌లలో, ప్లగ్ పట్టుకునే మర చుట్లు చాలా తక్కువ. అక్కడ మర లూజైతే పీడనానికి ప్లగ్ తుపాకీ గుండులా బయటికి ఎగిరిపోయేది. కాబట్టి కొనేటప్పుడు సంవత్సరం చూసుకోండి, ప్లగ్‌లు ఎప్పుడు మార్చారో అడగండి.

మార్చేటప్పుడు మూడు నియమాలు. ఇంజిన్ చల్లగా ఉండాలి. ప్లగ్ గుంతలో ఉన్న దుమ్ముని ముందు గాలితో ఊదేయాలి, లేకపోతే అది సిలిండర్‌లో పడుతుంది. బిగించేటప్పుడు చేతి అంచనా కాదు, టార్క్ రెంచ్ వాడాలి. వెనక సిలిండర్ల కోసం డ్రైవర్ సీటు పక్కనున్న ఇంజిన్ కవర్ లోపలి నుంచి తీయాలి. నడుములు పోతాయి. మీకు అలవాటు లేకపోతే ఇది మెకానిక్‌కి ఇచ్చేయండి. నేను ఇచ్చేశా.

ఐదు: చెవితో, ముక్కుతో

ఉదయం చల్లని ఇంజిన్ స్టార్ట్ చేయగానే టిక్ టిక్ టిక్‌మని, వేడెక్కాక తగ్గిపోతే, అది చాలాసార్లు ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ బోల్టు. తుప్పు పట్టి విరుగుతాయి. ఈ ఇంజిన్లలో బాగా తెలిసిన జబ్బే. తొందరగా పట్టుకుంటే ఒకటి రెండు బోల్టుల పని, వదిలేస్తే ఎక్కువ.

ఎయిర్ ఫిల్టర్ డబ్బా తెరిచి చూడండి. నవ్వకండి, మా దాంట్లో ఎలుక గూడు ఉంది. మెత్తటి సీటు దూది తెచ్చి మరీ కట్టుకుంది. అది గాలిదారి మూసేస్తుంది, పక్కనున్న వైర్లు కూడా కొరుకుతుంది.

గేర్‌బాక్స్ ఆయిల్ ఎర్రగా ఉండాలి. గోధుమ రంగులోకి మారి మాడిన వాసన వస్తే ఆలస్యం చేయొద్దు. కొండల మీద టో-హాల్ బటన్ వాడండి. గేర్లు ఊరికే మారుతూ వేడెక్కకుండా ఉంటాయి, దిగేటప్పుడు ఇంజినే బ్రేక్‌లా పట్టుకుంటుంది.

ఆరు: పెట్రోల్, జనరేటర్

అమెరికాలో పెట్రోల్‌లో మామూలుగా పది శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది. పెట్రోల్ పాతబడితే అందులో ఆవిరయ్యేది పోయి జిగురు మిగులుతుంది. బండి రెండు నెలల కంటే ఎక్కువ ఆపాలంటే ట్యాంకు నింపండి, స్టెబిలైజర్ కలపండి, ఆ మందు పైపుల్లోకి, జనరేటర్‌లోకి కూడా చేరేలా రెండిటినీ కాసేపు నడపండి.

జనరేటర్‌ని నెలకోసారి రెండు గంటలు నడపాలి. అదీ ఖాళీగా కాదు, ఏసీ వేసి లోడ్ మీద. ఇది నేను కనిపెట్టింది కాదు, దాని మాన్యువల్‌లోనే ఉంది. ఇంకో చిట్కా: జనరేటర్‌కి వెళ్ళే పైపు ట్యాంకులో కొంచెం ఎత్తులో ఉంటుంది. పెట్రోల్ పావు వంతుకి తగ్గితే జనరేటర్ ఆగిపోతుంది, బండి పంపు దాకా వెళ్ళగలిగేలా అలా పెట్టారు. అది చూసి పాడైపోయిందనుకోకండి.

ఏడు: ఫోన్‌లో లాగ్స్

ఇది మనకి ఇష్టమైన పార్ట్. స్టీరింగ్ కింద ఓబీడీ-2 సాకెట్ ఉంటుంది. చిన్న బ్లూటూత్ డాంగిల్ పెడితే ఇంజిన్ లెక్కలన్నీ ఫోన్‌లో కనిపిస్తాయి. ఎందుకంటే డ్యాష్‌బోర్డ్ మీద టెంపరేచర్ ముల్లుని నమ్మలేం. ఆ కాలపు చాలా బండ్లలో ముల్లు మధ్యలోనే కూర్చుంటుంది, అది కదిలేసరికే ఆలస్యం. మా బండి కూలంట్ మామూలుగా 195 నుంచి 210 ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, అంటే 90 నుంచి 99 సెల్సియస్. 225 దాటితే నేను ఏసీ ఆపి, వేగం తగ్గిస్తాను. ఇంకా పెరిగితే పక్కకి తీసి ఆపేస్తాను. గేర్‌బాక్స్ ఆయిల్ 220 దాటకుండా చూసుకుంటాం.

ఒక గూగుల్ షీట్ పెట్టుకున్నాం. ఏ పార్ట్, ఎప్పుడు మార్చాం, ఎన్ని మైళ్ళ దగ్గర, మళ్ళీ ఎప్పుడు. నాన్నకి చూపిస్తే నవ్వారు. "మా గ్యారేజీలో ఇవే పుస్తకాలురా. రోజువారీ చూసేవి వేరు, వారానికోసారి చూసేవి వేరు, ఇన్ని కిలోమీటర్లకోసారి వేరు. బస్సు ఆగిపోయాక చేసేది రిపేరు. ఆగకముందు చేసేది డ్యూటీ" అన్నారు.

డబ్బు తక్కువుంటే ఏది ముందు?

అన్నీ ఒకేసారి చేయలేం, నాకు తెలుసు. మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది పోతే ఇంజినే చచ్చిపోతుందా? అవి ముందు: కూలంట్ పైపులు, మూత, కూలంట్, ఇంజిన్ ఆయిల్. ఇది పోతే దారిలో ఆగిపోతామా? అవి తర్వాత: బెల్టు, టెన్షనర్, బ్యాటరీ, జనరేటర్. ఇది పోతే మైలేజీ మాత్రమే తగ్గుతుందా? అవి చివర: పీసీవీ రబ్బర్లు, ఇంకా మిస్‌ఫైర్ ఇవ్వని ప్లగ్‌లు. మాకు పైపులు, క్లాంప్‌లు, మూత, బెల్టు, కూలంట్, అన్నీ సొంతంగా మార్చుకుంటే 300 డాలర్ల లోపే అయ్యింది. టీవీకి అంతకంటే ఎక్కువ పెట్టా.

మీ ప్రశ్నలు

"లక్ష మైళ్ళు దాటినది కొనొచ్చా బ్రో?" కొనొచ్చు. బిల్లులన్నీ ఫైల్లో పెట్టుకుని, ఏటా తిరిగిన లక్ష మైళ్ళ బండి నాకిష్టం. 30 వేల మైళ్ళే తిరిగి, ఐదేళ్ళు కదలకుండా, ఒక్క కాగితం కూడా లేని బండికంటే అదే నయం. చూడ్డానికి వెళ్ళేముందు "ఇంజిన్ వేడి చేయొద్దండీ, మేమొచ్చాక స్టార్ట్ చేద్దాం" అని చెప్పండి. చల్లని ఇంజిన్ అబద్ధం ఆడదు.

"పాత ఇంజిన్‌కి చిక్కటి ఆయిల్, ఇంజిన్ ఫ్లష్, ఏవేవో సీసాలు పోయాలా?" మాన్యువల్‌లో ఉన్న ఆయిల్ టైముకి పోస్తే చాలు. ఆ సీసాల డబ్బుతో కొత్త పైపు కొనుక్కోండి.

"నాకు మోటర్‌హోమ్ లేదన్నా, ఊళ్ళో నాన్న పాత కారు ఉంది." సూపర్. నెలకి ఒకసారి గుడికి తీసే కారు సరిగ్గా ఇదే జబ్బుతో ఉంటుంది. ఇప్పుడు మన దగ్గర కూడా ఇ20 పెట్రోల్ వచ్చింది, నెలల తరబడి నిలవ పెట్టకండి. ఈ ఆదివారం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు బానెట్ ఎత్తి రేడియేటర్ పైపు చివర్లు నొక్కి చూడండి. రెండు నిమిషాల పని.

ఇక చివరిగా. నేను ఉద్యోగం మానేసి 2024లో హైదరాబాద్ వచ్చేశా. బండి బావగారి దగ్గరే ఉంది. 2025లో అమ్మానాన్న మళ్ళీ డాలస్ వెళ్ళారు. బయల్దేరే రోజు ఉదయం బావగారు వీడియో కాల్ చేశారు. షీట్‌లో అన్నీ టిక్ పెట్టి ఉన్నాయి. నాన్న మాత్రం షీట్ చూడలేదు. బానెట్ ఎత్తించి, పైపులన్నీ ఒక్కొక్కటిగా నొక్కారు. ఏమీ అనలేదు. మూసేసి, "పదండి" అన్నారు. నైన్ మైల్ హిల్ దగ్గర కూలంట్ 207 అని బావగారు మెసేజ్ పెట్టారు. రెండో రోజు సాయంత్రం అమ్మ ఫోన్ చేసింది, వెనకాల గ్రాండ్ కేన్యన్. "ఎంత లోతుందిరా నాన్నా, నువ్వు కూడా ఉంటే బాగుండేది" అంది.

ఆ రోజు ఆయన మాట విని ఉంటే, నేనూ పక్కనే ఉండేవాణ్ణి. అంతే ఫ్రెండ్స్.

మీ ఇంట్లో కూడా ఇలా బండి మీద చెయ్యి పెట్టి చెప్పేవాళ్ళు ఎవరైనా ఉంటే, ఈసారి వాదించకుండా వినండి. మీ బండి ఏది, ఎన్నేళ్ళది, ఆఖరిసారి కూలంట్ ఎప్పుడు మార్చారో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో టైర్ల గురించి మాట్లాడుకుందాం. అరగని టైరు కూడా ఎందుకు పేలుతుందో, దాని మీదున్న నాలుగు అంకెల్లో దాని పుట్టిన వారం ఎలా చదవాలో చెప్తాను. అప్పటిదాకా జాగ్రత్తగా నడపండి. ఉంటాను, బై.